చెట్టు బెరడు కింద గుండె చప్పుడు: కవి ఒవిడ్ గురించి పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ప్రాచీన లాటిన్ కవులను గురించి ఒక చిన్న పరిచయం ప్రచురించాము. దానిని చదివి పలువురు పాఠకులు ఉత్తరాలు రాశారు. వాటిలో ఎక్కువ భాగం ఒక్క ఒవిడ్ గురించే కావడంతో ఈ నెల శీర్షికను పూర్తిగా ఆయనకే కేటాయిస్తున్నాము. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఒక్క ప్రశ్నగా కూర్చాము.

ప్రశ్న: ఒక దేవుడి నుంచి పారిపోతూ చెట్టుగా మారిపోతున్న యువతి పాలరాతి శిల్పం ఫొటో చూశాను. ఆ కథ ఒవిడ్ అనే రోమన్ కవి రాసినదని తెలిసింది. ఆయన ఎప్పటివాడు? ఎలా జీవించాడు?

జవాబు: మీరు చూసినది రోమ్‌లోని బోర్గీసే గ్యాలరీలో ఉన్న బెర్నీనీ శిల్పం అయి ఉండాలి. దానిని ఆయన 1622, 1625 సంవత్సరాల మధ్య చెక్కాడు. ఆ శిల్పికి కథను అందించిన కవి అంతకు పదహారు వందల ఏళ్ల క్రితమే కన్నుమూశాడు.

ఒవిడ్ క్రీ.పూ. 43 మార్చి 20న మధ్య ఇటలీలోని సుల్మో అనే ఊళ్లో పుట్టాడు. ఇప్పుడు దానిని సుల్మోనా అంటారు. కొండల నడుమ చల్లని సెలయేళ్లు పారే ఆ ఊరు రోమ్‌కు తొంభై మైళ్ల దూరమని ఆయనే చెప్పుకొన్నాడు. ఆయన జీవితం గురించి మనకు తెలిసిన దానిలో అధిక భాగం, యాభై ఏళ్లు దాటిన తరువాత ప్రవాసంలో ఉండగా 'ట్రిస్టియా' అనే పద్యగ్రంథం నాలుగో భాగం చివర రాసుకొన్న స్వీయచరిత్ర పద్యం నుంచి వచ్చినదే. ఇంకా పుట్టని పాఠకులను ఉద్దేశించి, నేను ఎవరినో మీరు తెలుసుకోవాలి అంటూ మొదలయ్యే ఆ పద్యాన్ని చదువుతున్నప్పుడు, ఆయన పిలిచిన ఆ పాఠకులం మనమేనన్న స్పృహ కలిగి ఒళ్లు జలదరిస్తుంది.

ఆయనది 'ఈక్విటీస్' అనే పాతకాలపు కలిగిన వర్గం. సరిగ్గా ఏడాది పెద్దవాడైన అన్న ఉండేవాడు. ఇద్దరి పుట్టినరోజూ ఒకటే. అన్నకు న్యాయస్థానంలో వాదించడం చిన్ననాటినుంచీ ఇష్టం, తమ్ముడికి కవిత్వం ఇష్టం. "ఎందుకూ పనికిరాని ఆ పని నీకెందుకురా? హోమర్ అంతటివాడే చిల్లిగవ్వ మిగల్చకుండా పోయాడు కదా!" అని తండ్రి మందలించేవాడట. తండ్రి మాట కాదనలేక వచనం రాయబోతే, పదాలు వాటంతట అవే ఛందస్సులోకి వచ్చి కూర్చునేవని, రాయబోయినదల్లా పద్యమే అయ్యేదని ఒవిడ్ అంటాడు. అన్న ఇరవై ఏళ్లకే చనిపోయాడు. తనలో ఒక భాగం అప్పుడే పోయిందని తమ్ముడు రాసుకొన్నాడు. కొన్ని చిన్న పదవులు చేసి, సెనేట్‌కు చేరే మెట్టు దగ్గర ఆగి, రాజకీయాన్ని వదిలేసి కవిత్వానికే అంకితమయ్యాడు.

ఆయన పుట్టిన ఏడాదిని గమనించండి. రోమన్ వక్త, రాజకీయవేత్త సిసిరో హత్యకు గురైన ఏడాది అది. ముందుతరం కవులు వర్జిల్, హొరేస్ అంతర్యుద్ధాల వేడిని పెద్దవాళ్లుగా అనుభవించినవారు. మొదటి రోమన్ చక్రవర్తి అగస్టస్ తెచ్చిన శాంతి వారికి ఊపిరి. ఆ అంతర్యుద్ధాలలో చివరిదైన ఆక్టియం యుద్ధం ముగిసేనాటికి ఒవిడ్ పన్నెండేళ్ల పిల్లవాడు. శాంతి ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తిలాంటిది కాబట్టి దానికి ఎవరికో రుణపడి ఉన్నానన్న భావం ఆయన కవిత్వంలో అంతగా కనిపించదు. అగస్టస్‌కు, ఈ కవికి మధ్య తరువాత పెరిగిన దూరానికి ఇది ఒక మూలమని నా అభిప్రాయం. వర్జిల్ గురించి ఆయన అన్న మాట కూడా ఒక్కటే: "వర్జిల్‌ను చూశాను, అంతే."

సంసార విషయాలు క్లుప్తంగా చెప్పాలంటే, మూడు పెళ్లిళ్లు, ఒక కూతురు. మొదటి రెండు పెళ్లిళ్లు నిలవలేదు. మూడో భార్య చివరివరకు ఆయన పక్షాన నిలిచింది.

ప్రశ్న: నేను పద్యాలు రాస్తుంటాను. లాటిన్ ఛందస్సుకు, మన ఛందస్సుకు ఏమైనా పోలిక ఉందా? ఒవిడ్ ఏ వృత్తాలలో రాశాడు?

జవాబు: మీకు గురులఘువులు తెలుసు కనుక ఈ సంగతి ఇంగ్లిష్ మాత్రమే చదివిన వారికంటె మీకే సులువుగా పట్టుబడుతుంది. లాటిన్ పద్యం కూడా గురులఘువుల మీదనే నడుస్తుంది. వీరగాథలకు వాడే 'హెక్సామీటర్' పాదంలో ఆరు గణాలు ఉంటాయి. అవి మన లెక్కలో భగణం గాని, రెండు గురువుల గగం గాని అవుతాయి. అయిదో గణం దాదాపు ఎప్పుడూ భగణమే. ప్రేమకు, శోకానికి వాడే 'ఎలిజీ' ద్విపదలో మొదటి పాదం ఇదే ఆరు గణాల పాదం. రెండో పాదం మాత్రం ఒక గణం తక్కువై, మధ్యలో ఆగి, తిరిగి అందుకొని ముగుస్తుంది. మన ద్విపదలో రెండు పాదాలూ సమానం. ఎలిజీ మాత్రం ఒక కాలు పొట్టిగా ఉన్న మనిషిలా కుంటుతూ నడుస్తుంది.

ఈ కుంటి నడకను ఒవిడ్ జీవితమంతా కథావస్తువుగా వాడుకొన్నాడు. మొదటి గ్రంథం 'అమోరెస్' మొదటి పద్యంలో, వర్జిల్ మహాకావ్యం మొదలైన 'ఆయుధాలు' అన్న మాటతోనే తానూ మొదలుపెడతాడు. బరువైన వృత్తంలో యుద్ధాలు పాడబోతుండగా మన్మథుడు పకపకా నవ్వి, రెండో పాదం నుంచి ఒక గణాన్ని దొంగిలించుకుపోయాడట. లాటిన్‌లో గణానికి, మనిషి కాలికి ఒకటే మాట. దానితో వీరకావ్యం కాస్తా ప్రేమ పద్యమైపోయింది. ముప్పై ఏళ్ల తరువాత ప్రవాసం నుంచి రోమ్‌కు పంపిన పుస్తకం తానే నోరు విప్పి, "నా పద్యాలు కుంటుతున్నాయంటే అది ఛందస్సు వల్లనో, దూరప్రయాణం వల్లనో" అంటుంది. యౌవనంలోని ఆ చమత్కారమే ముసలితనంలో కన్నీటి మాటగా తిరిగి వచ్చింది.

మరో చిన్న విశేషం. తన పద్యాలలో ఆయన తనను ఎన్నడూ ఒవిడియస్ అని పిలుచుకోలేదు, నాసో అనే ఇంటిపేరే వాడాడు. ఒవిడియస్ అన్న మాటలో మూడు లఘువులు వరుసగా వస్తాయి. భగణంలో గాని, గగంలో గాని అది ఇమడదు. పద్యం రాసేవారికి ఈ ఇబ్బంది కొత్తేమీ కాదు.

ఆయన శైలి గురించి రోమన్ రచయిత పెద్ద సెనెకా చెప్పిన ఒక ముచ్చట కూడా మీకు నచ్చుతుంది. మీ కవిత్వం నుంచి మూడు పంక్తులు తీసేయండి అని స్నేహితులు అడిగారట. సరే గాని, మూడు పంక్తులను మాత్రం ముట్టుకోకూడదని నేనూ కోరుతున్నాను అన్నాడట ఒవిడ్. ఇరుపక్షాలూ విడివిడిగా రాసి చూపితే, రెండు పలకల మీదా ఉన్నవి అవే మూడు పంక్తులు! వాటిలో ఒకటి మినోటార్ గురించినది: "సగం ఎద్దయిన మనిషి, సగం మనిషయిన ఎద్దు." తన దోషాలు తెలియక కాదు, తెలిసీ వాటిని ప్రేమించాడని సెనెకా తీర్పు.

ప్రశ్న: 'మెటమార్ఫసిస్' అంటే పురాణకథల సంకలనమేనా? అంతకుమించి అందులో ఏముంది?

జవాబు: పదిహేను భాగాలు, సుమారు పన్నెండు వేల పంక్తులు, రెండు వందల యాభై దాకా కథలు. సృష్టికి ముందున్న అస్తవ్యస్త స్థితితో మొదలై, జూలియస్ సీజర్ చనిపోయి నక్షత్రంగా మారడంతో ముగుస్తుంది. ప్రతి కథలోనూ ఎవరో ఒకరు చెట్టుగానో, పక్షిగానో, రాయిగానో, నీరుగానో మారిపోతారు. కథలో కథ, దానిలో మరో కథ పుడుతూ, ఎక్కడా ఆపి పుస్తకం మూసే వీలు లేకుండా సాగుతుంది. తరువాతి కాలం వారు దానిని ఒక పురాణ నిఘంటువులా వాడుకొన్న మాట నిజమే. అయితే ఆ కావ్యాన్ని చాలాసార్లు చదివిన మీదట నాకు అర్థమైనది ఏమిటంటే, ఒవిడ్‌ను పట్టి పీడించిన విషయం రూపం మారడం ఒక్కటే కాదు, రూపం మారినప్పుడు మాట పోవడం. దేహం మారిపోతుంది, మనసు లోపల అలాగే ఉంటుంది, చెప్పుకోవడానికి నోరు ఉండదు. ఆయన కథలలోని అసలైన భయం అక్కడుంది.

మొదటి భాగంలోని ఐయో కథను చూడండి. జూపిటర్ ఆమెను చెరిచి, భార్య కంట పడకుండా తెల్లని ఆవుగా మార్చేస్తాడు. ఆమె చేతులు చాచి వేడుకోబోతుంది, చేతులు ఉండవు. గోడు చెప్పుకోబోతే అంబా అన్న అరుపు వస్తుంది, తన గొంతుకు తానే జడుసుకొంటుంది. నీటిలో తన కొమ్ములు చూసుకొని బెదిరి వెనక్కి తగ్గుతుంది. కూతురి కోసం వెతుకుతున్న తండ్రి ఇనాకస్, ఆ ఆవే తన కూతురని తెలియక పచ్చగడ్డి కోసి అందిస్తాడు. ఆమె ఆ చేతిని నాకుతుంది, కన్నీళ్లు కారుస్తుంది. చివరికి గిట్టతో దుమ్ములో తన పేరు రాస్తుంది. లాటిన్ లిపిలో ఆ పేరు రెండే అక్షరాలు, ఒక నిలువు గీత, ఒక సున్నా. ఆవు గిట్టతో రాయగలిగినంత పేరు! తండ్రి అది చదివి ఆమె మెడ పట్టుకొని, "నువ్వు దొరకనప్పుడే నా దుఃఖం తేలికగా ఉండేదమ్మా" అని ఏడుస్తాడు. నోరు పోయిన చోట రాత మొదలైంది. కావ్యం మొదటి భాగంలోనే ఆయన ఈ సంగతి చెప్పేశాడు.

ఆ తరువాత అదే పదేపదే వస్తుంది. వేటకు వెళ్లిన ఆక్టియన్ అనుకోకుండా డయానా దేవి స్నానం చేస్తుండగా చూసి, ఆ నేరానికి జింకగా మారతాడు. తన వేటకుక్కలే తనను తరుముతుంటే "నేను ఆక్టియన్‌ని, మీ యజమానిని గుర్తుపట్టండి" అని అరవాలనుకొంటాడు. మాటలు రావు. ఎకో అనే వనకన్యకు ఎదుటివారి చివరి మాటలు తిరిగి పలకడం తప్ప మరేమీ మిగలదు. ఫిలొమెలాను బావ టెరియస్ చెరిచి, బయట చెప్పకుండా నాలుక కోసేస్తే, ఆమె తెల్లని దారాల మధ్య ఎర్రని దారాలతో తన కథ నేసి అక్కకు పంపుతుంది.

ఇంతకూ మొదటి ప్రశ్నలో అడిగిన ఆ శిల్పం కథ డాఫ్నేది. అపోలో ఆమెను పట్టుకోబోయేసరికి ఆమె లారెల్ చెట్టయిపోతుంది. అతడు మాను మీద చేయి వేస్తే కొత్త బెరడు కింద గుండె ఇంకా అదురుతూ తగులుతుంది. కొమ్మలను కౌగిలించుకొని ముద్దుపెట్టబోతే కొయ్య సైతం ముడుచుకొంటుంది. నువ్వు ఇకపై నా చెట్టువు, నీ ఆకులే విజేతల కిరీటం అని దేవుడు ప్రకటించినప్పుడు, చెట్టు తల ఊపినట్టు "అనిపించింది" అంటాడు ఒవిడ్. ఊపింది అనడు. ఒప్పుకొన్నదని అనుకొన్నది దేవుడు మాత్రమే. ఆ ఒక్క క్రియాపదం కోసం ఆయనకు చేతులెత్తి నమస్కరించాలనిపిస్తుంది.

ప్రశ్న: ఆయన కావ్యాలలో స్త్రీలపై అత్యాచారాలు ఇన్ని ఉన్నాయి, పైగా ప్రేమకళ మీద పుస్తకం రాశాడు. ఒక స్త్రీగా ఆయనను చదవడం నాకు కష్టంగా ఉంది. మీరేమంటారు?

జవాబు: కష్టంగా ఉండటం సహజమేనమ్మా. మీరన్న ప్రేమకళ పుస్తకం 'ఆర్స్ అమటోరియా'లో ఈనాడు ఎవరూ సమర్థించలేని పంక్తులు ఉన్నాయి. స్త్రీ వద్దన్నా బలవంతాన్ని లోలోపల ఇష్టపడుతుందని ఆ పుస్తకంలోని గురువు చెప్పే చోటు అలాంటిదే. గురువు పాత్రను చూసి నవ్వుకోవడానికి రాసిన పుస్తకమని పండితులు ఎంత వివరించినా ఆ మాటలు గుచ్చుకొంటూనే ఉంటాయి. గుచ్చుకోవాలి కూడా.

అదే కవి 'హెరాయిడెస్' రాశాడన్నది కూడా మనసులో పెట్టుకోండి. పురాణకథలలో నోరు మెదపని స్త్రీల చేత, తమను వదిలి వెళ్లిన పురుషులకు ఉత్తరాలు రాయించిన గ్రంథమది. పెనెలపీ తన భర్త యులిసిస్‌కు రాస్తూ, "జవాబు రాయవద్దు, నువ్వే రా" అంటుంది. ట్రాయ్ యుద్ధంలో చేతులు మారిన బందీ బ్రైసిస్, హోమర్ కావ్యంలో దాదాపు ఒక వస్తువు. ఒవిడ్ ఉత్తరంలో ఆమె, "పరాయి చేయి రాసిన గ్రీకు కనుక సరిగ్గా రాలేదు, ఇక్కడ కనిపించే మరకలు కన్నీళ్లు, అవి కూడా మాటలంత బరువైనవే" అంటుంది.

'మెటమార్ఫసిస్' ఆరో భాగంలోని అరాక్నే కథ మీ ప్రశ్నకు నేరుగా సంబంధించినది. నేత పోటీలో మినర్వా దేవి దేవతలు కొలువుతీరిన సభను, వారిని ఎదిరించిన వారికి పడిన శిక్షలను మగ్గం మీద తీరుగా నేస్తుంది. సామాన్యురాలైన అరాక్నే ఎద్దుగా, హంసగా, బంగారు వానగా వచ్చి దేవతలు చెరిచిన స్త్రీలందరినీ ఒకరి తరువాత ఒకరిని నేస్తుంది. ఆ నేతలో అసూయకు సైతం తప్పు దొరకలేదని ఒవిడ్ స్పష్టంగా రాశాడు. దేవి ఆ వస్త్రాన్ని చింపి, చేతిలోని నాడెతో ఆమె నుదుటి మీద కొడుతుంది. అరాక్నే నేసిన ఆ జాబితాకు, ఒవిడ్ తన కావ్యంలో రాసిన కథలకు తేడా ఏమిటో మీరే చెప్పండి. ఆయన ఎవరి పక్షమో నాకు ఈ కథ దగ్గర సందేహం లేదు. 'ఆర్స్ అమటోరియా' దగ్గర మాత్రం ఉంది, ఆ రెండూ ఒకే మనిషివి.

ప్రశ్న: అగస్టస్ చక్రవర్తి ఆయనను ఎందుకు వెలివేశాడు?

జవాబు: క్రీ.శ. 8లో, ఒవిడ్‌కు యాభై ఏళ్ల వయసున, 'మెటమార్ఫసిస్' దాదాపు పూర్తయి, రోమన్ పండుగల క్యాలెండర్ 'ఫాస్టి' ఆరు నెలల దాకా వచ్చిన సమయంలో దెబ్బ పడింది. సెనేట్ తీర్మానం లేదు, న్యాయస్థానంలో విచారణ లేదు. చక్రవర్తి స్వయంగా ఇచ్చిన ఆజ్ఞ మీద నల్ల సముద్రపు ఒడ్డున, సామ్రాజ్యపు అంచున ఉన్న టోమిస్‌కు పంపేశారు. నేటి రొమేనియాలోని కాన్‌స్టాంట్సా నగరమే అది. ఆస్తి, పౌరసత్వం తీసేయలేదు కనుక చట్టం దృష్టిలో ఇది తక్కువ శిక్ష. పుస్తకాలను మాత్రం రోమ్‌లోని ప్రభుత్వ గ్రంథాలయాల నుంచి తొలగించారు.

కారణాన్ని ఆయన రెండే మాటలలో చెప్పాడు: "ఒక కావ్యం, ఒక పొరపాటు." కావ్యం 'ఆర్స్ అమటోరియా'. వ్యభిచారాన్ని క్రీ.పూ. 18 ప్రాంతంలోనే చట్టరీత్యా నేరంగా ప్రకటించి, నీతిని ప్రభుత్వ వ్యవహారంగా మార్చిన అగస్టస్‌కు అది కంటగింపు కావడంలో ఆశ్చర్యం లేదు. అయితే ఆ పుస్తకం వెలువడి అప్పటికే ఏళ్లు గడిచాయి. చక్రవర్తికి పద్యరూపంలో రాసుకొన్న సుదీర్ఘమైన విన్నపంలో ఒవిడ్ ఈ సంగతే ఎత్తి చూపాడు. తమకు ఎంతో ప్రియమైన వర్జిల్ కావ్యంలో సైతం జనం అన్నిటికంటె ఎక్కువగా చదివేది డైడో రాణి అక్రమ ప్రేమనే కదా అని కూడా అడిగాడు. శిక్ష పడిన మనిషి చక్రవర్తితో అనగలిగిన మాట కాదది.

పొరపాటు ఏమిటో ఆయన ఎన్నడూ బయటపెట్టలేదు. చూడకూడనిది ఏదో చూశానని, కళ్లను నేరస్థులుగా చేసుకొన్నానని మాత్రం అన్నాడు. సరిగ్గా అదే ఏడాది అగస్టస్ మనుమరాలు జూలియా వ్యభిచార ఆరోపణ మీద ఒక ద్వీపానికి వెళ్లగొట్టబడింది. ఆమె తల్లి, పెద్ద జూలియా, అదే ఆరోపణతో సుమారు పదేళ్ల ముందే ప్రవాసానికి వెళ్లింది. మనుమరాలి వ్యవహారంలోనో, దాని వెనుక ఉన్న వారసత్వ రాజకీయంలోనో ఒవిడ్ సాక్షిగా ఇరుక్కొని ఉంటాడని చాలామంది పండితులు ఊహించారు. ఊహకు మించి వెళ్లే ఆధారం లేదు.

నన్ను కదిలించే విషయం వేరే ఉంది. ఆ విన్నపంలో తన స్థితిని చెప్పుకోవడానికి ఆయన ఎంచుకొన్న పోలిక ఆక్టియన్. తెలియక చూసినా దేవత క్షమించలేదు కదా అంటాడు. కొన్నేళ్ల ముందు తానే రాసిన కథలోకి తానే నడిచి వెళ్లాడు.

ఆయన బతికుండగా ఆ ఆజ్ఞను ఎవరూ రద్దు చేయలేదు. క్రీ.శ. 14లో అగస్టస్ చనిపోయాడు, తరువాత వచ్చిన టైబీరియస్ కూడా కరుణించలేదు. 2017లో, కవి చనిపోయి రెండు వేల ఏళ్లయిన సందర్భంగా, రోమ్ నగర పాలక మండలి ఆ బహిష్కరణను రద్దు చేస్తూ తీర్మానం ఆమోదించింది.

ప్రశ్న: ఒవిడ్ అసలు టోమిస్‌కు వెళ్లనే లేదని, ఆ ఉత్తరాలన్నీ కల్పన అని ఒకచోట చదివాను. నిజమేనా?

జవాబు: ఇరవయ్యో శతాబ్దంలో కొందరు పండితులు గట్టిగానే ఆ వాదన చేశారు. వారి అనుమానానికి చోటిచ్చినది ఒవిడ్ వర్ణనలే. శీతకాలంలో డాన్యూబ్ గడ్డకట్టి దానిమీద బళ్లు నడుస్తాయని, ద్రాక్షసారా జాడీ ఆకారంలోనే గట్టిపడి నిలబడుతుందని, దానిని గుక్కలుగా కాక ముక్కలుగా తీసుకొంటారని, జనం జుట్టులో మంచు పలుకులు గలగలలాడుతుంటాయని ఆయన రాశాడు. వర్జిల్ అంతకుముందే తన వ్యవసాయ కావ్యంలో సిథియా దేశాన్ని వర్ణిస్తూ ద్రాక్షసారాను గొడ్డళ్లతో నరుకుతారని రాసి ఉన్నాడు. ఆ ఛాయ ఒవిడ్ మీద పడిన మాట నిజం. నేటి కాన్‌స్టాంట్సా తీరానికి జనం వేసవి స్నానాలకు వెళ్తారు. టోమిస్ కూడా ఆయన చెప్పినంత ఆటవిక ప్రదేశం కాదు, అది గ్రీకులు స్థాపించిన నగరం.

అయినా ఆ వాదన నాకు నమ్మశక్యంగా లేదు. అదే శతాబ్దంలో జీవించిన రచయిత పెద్ద ప్లినీ, కవి స్టేషియస్ ఇద్దరూ ఆయన ప్రవాసాన్ని జరిగిన విషయంగానే ప్రస్తావించారు. పైగా లేని శిక్షకు చక్రవర్తిని బాధ్యుణ్ణి చేస్తూ, రోమ్‌లోని ప్రముఖులను పేరుపేరునా పిలిచి ఏళ్ల తరబడి ఉత్తరాలు ప్రచురించడం ఆనాడు జరిగే పనేనా? తిరిగి రప్పించుకోవాలని మొరపెట్టుకొనేవాడు తానున్న చోటు ఇంకాస్త చలిగా ఉందని చెప్పడంలో వింత ఏముంది?

ఆ ఉత్తరాలలో వాతావరణం కంటె నిజంగా వినిపించేది భాషాదుఃఖం. ఇక్కడ నా మాట ఎవరికీ అర్థం కాదు కనుక ఆటవికుణ్ణి నేనే అంటాడు. అక్కడి తెగల గెటే, సర్మేషియన్ భాషలు నేర్చుకొని లాటిన్ మరచిపోతున్నాననిపిస్తోంది అంటాడు. చదివి వినిపించడానికి ఎవరూ లేని పద్యం రాయడం చీకట్లో నాట్యం చేయడం వంటిదని ఒక మిత్రుడికి రాశాడు. మాట పోయిన వారి కథలు అన్నేళ్లు రాసిన మనిషి ఈ మాటలు అంటున్నాడు. చివరికి ఆయన గెటే భాషలోనే ఒక కావ్యం రాసి అక్కడివారికి వినిపించాడట. అది మనకు దక్కలేదు. నష్టపోయిన గ్రంథాలలో ఏదైనా ఒకటి తిరిగి ఇస్తామని ఎవరైనా అంటే, పండితులు మెచ్చిన ఆయన నాటకం 'మెడియా'ను కూడా పక్కనబెట్టి నేను ఈ గెటే కావ్యాన్నే కోరుకొంటాను.

క్రీ.శ. 17లోనో, 18లోనో అక్కడే కన్నుమూశాడు. తన సమాధి మీద చెక్కమని ముందుగానే భార్యకు పంపిన నాలుగు పంక్తుల సారాంశం ఇది: సుకుమారమైన ప్రేమలతో ఆడుకొన్న నాసో కవిని, నా ప్రతిభ వల్లనే నశించాను. ప్రేమించి ఉన్న బాటసారీ, నాసో ఎముకలు మెత్తగా పడుకోవాలి అనడం నీకు బరువు కాకూడదు. ఇప్పుడు ఆ పంక్తులు కాన్‌స్టాంట్సాలోని ఆయన విగ్రహం కింద ఉన్నాయి. ఎత్తోరే ఫెర్రారీ అనే శిల్పి చేసిన విగ్రహమది. దాని నకలు సుల్మోనాలోనూ నిలబడి ఉంది.

ప్రశ్న: గ్రంథాలయాల నుంచి తొలగించిన పుస్తకాలు మనదాకా ఎలా వచ్చాయి? ఆయన ప్రభావం తరువాత ఎవరిమీద ఉంది?

జవాబు: గ్రంథాలయం ఒక్కటే పుస్తకానికి ఇల్లు కాదు కదా. వెళ్లేముందు 'మెటమార్ఫసిస్' ప్రతిని తానే మంటల్లో వేశానని, అయితే అప్పటికే స్నేహితుల దగ్గర నకళ్లు ఉన్నాయని ఒవిడ్ చెప్పాడు. క్రీ.శ. 79లో బూడిదలో కప్పబడిన పాంపేయి నగరపు గోడల మీద ఆయన పంక్తులు గీసి ఉన్నాయి. బహిష్కృత కవి పద్యాన్ని ఎవరో గోడ మీద గీకారు, అది ఇప్పటికీ చదవగలుగుతున్నాము.

క్రైస్తవ మఠాలలో ఆ కావ్యాలకు నకళ్లు రాస్తూ వచ్చారు. 12, 13 శతాబ్దాల లాటిన్ సాహిత్యాన్ని పండితులు 'ఒవిడ్ యుగం' అనే పిలుస్తారు. 13వ శతాబ్దం చివర బైజాంటియం సన్యాసి మాక్సిమస్ ప్లానూడెస్ 'మెటమార్ఫసిస్'ను గ్రీకులోకి తెచ్చాడు. ఆ తరువాత ఫ్రాన్స్‌లో ప్రతి కథకూ క్రైస్తవ నీతిని జోడిస్తూ దానిని ఎన్నో రెట్లు పెంచి తిరగరాశారు. డాంటే తన నరకయాత్రలో హోమర్, హొరేస్, లూకన్‌ల సరసన ఆయనను నిలబెట్టాడు. ఆర్థర్ గోల్డింగ్ ఇంగ్లిష్ అనువాదం 1567లో పూర్తయింది. షేక్స్‌పియర్ దానిని, లాటిన్ మూలాన్ని కూడా చదివాడు. పిరమస్, థిస్బీల కథను ఒక నాటకంలో చేతివృత్తులవారి చేత ఆడించాడు. 'టైటస్ ఆండ్రానికస్'లో మరింత గాఢమైన పని చేశాడు. నాలుక, చేతులు కోయబడిన లవీనియా మొండిచేతులతో పుస్తకం పుటలు తిప్పి, ఫిలొమెలా కథ దగ్గర ఆగి, తనకు జరిగినది తెలియజేస్తుంది. ఆ పుస్తకం ఒవిడ్‌దే. ఆ తరువాత ఆమె నోటితో కర్ర పట్టుకొని ఇసుకలో నేరస్థుల పేర్లు రాస్తుంది. ఐయో గిట్ట మీకు గుర్తుకు రావడం లేదా?

చిత్రకారుల సంగతి రాయాలంటే వేరే సంచిక కావాలి. టిషన్ స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ కోసం ఈ కథలనే వరుసగా చిత్రించాడు. వెలాస్కెజ్ అరాక్నే మగ్గాన్ని తన కాలపు నేతశాలలోకి తెచ్చాడు. 1820లో రష్యా దక్షిణ ప్రాంతానికి పంపివేయబడిన రష్యన్ యువకవి పుష్కిన్, నల్ల సముద్రానికి మరీ దూరంగాని ఆ చోటినుంచే మరుసటి ఏడాది ఒవిడ్‌ను సంబోధిస్తూ ఒక పద్యం రాశాడు.

ప్రశ్న: కొత్తగా చదివేవారు ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: మొదటి పుట నుంచి వరుసగా వెళ్లకండి, పేర్ల జడివానలో తడిసి ముద్దవుతారు. 'మెటమార్ఫసిస్' ఎనిమిదో భాగంలోని బౌసిస్, ఫిలెమన్‌ల కథతో మొదలుపెట్టండి. మారువేషంలో వచ్చిన దేవతలకు పేద ముసలి దంపతులు తమ గుడిసెలో విందు చేసే కథ అది. బల్ల ఒక కాలు పొట్టిగా ఉంటే ముసలమ్మ దాని కింద పెంకుముక్క పెట్టి సరిచేసే చోట ఆగి చూడండి. తరువాత మొదటి భాగంలోని డాఫ్నే, ఐయో. ఆరో భాగంలోని అరాక్నే. ఇవి అయ్యాక 'ట్రిస్టియా' మొదటి భాగంలోని మూడో పద్యం చదవండి. రోమ్‌లో ఆయన చివరి రాత్రి అది. కూతురు దూరాన ఆఫ్రికా తీరంలో ఉంది, ఆమెకు సంగతే తెలియదు. స్నేహితులలో వచ్చినవారు ఒకరిద్దరే. ఆరిన పొయ్యి ముందు భార్య జుట్టు విరబోసుకొని సాగిలపడి ఉంది. ఆయన మూడుసార్లు గడపను తాకి, మూడుసార్లూ వెనక్కి వస్తాడు.